లూయిస్ హెన్రీ రే గారి గుర్రపు జీను

ఖతర్‌లో నేను పద్నాలుగేళ్లుగా సీట్లు కుడుతున్నాను. ఇన్నేళ్లలో విరగ్గొట్టిన సూదులకు లెక్కలేదు. చెడగొట్టిన సీట్లు రెండో మూడో ఉంటాయి. పరువు పోగొట్టుకున్నది మాత్రం ఒక్కసారే. అయితే ఆ ఒక్కసారికే ఉన్నదంతా ఊడ్చిపెట్టుకుపోయింది. ఇంక పోవడానికేమీ మిగల్లేదు కాబట్టి అప్పటినుంచీ నిశ్చింతగా బతుకుతున్నాను. ఆ పోయిన వైనం చెప్తాను. నవ్వొస్తే నవ్వండి, మొహమాటపడకండి. ఆ రోజు తెల్లగడ్డాల పెద్దమనుషులు పదిహేను మంది కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. వాళ్ల ముందు మీరెంత?

మా దుకాణం ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంటుంది. కార్ల సీట్లు, సోఫాలు, అరబ్బుల ఇళ్లలో అతిథులు కూర్చునే మజ్లిస్ గదుల్లో నేలమీద పరిచే మెత్తలు, ఏవి చిరిగినా మేం కుడతాం. ఓనరు కోయా సేఠ్, కేరళ మనిషి. ఎవరితోనూ మూడు మాటలకు మించి మాట్లాడడు. కుట్టేవాళ్లం ఇద్దరం. ఒకడిని నేను, గంగాధర్‌ని, మెట్‌పల్లి దగ్గరి పల్లెవాణ్ణి. రెండో ఆయన జబ్బార్, మాకందరికీ చిచా, అంటే బాబాయ్, కోరుట్ల మనిషి. నేను పుట్టకముందే ఖతర్ వచ్చి, నేను వచ్చేనాటికి ముప్పై మందికి సూది పట్టడం నేర్పి, వాళ్లంతా సొంత దుకాణాలు పెట్టుకున్నాక కూడా అదే ఎత్తుపీట మీద కూర్చుని కుడుతున్నవాడు. కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉంటాయి. పొద్దంతా కలిపి ఆయన మాట్లాడే మాటలు నేను ఒక్క టీ తాగేలోపు మాట్లాడేస్తాను.

ఇది ఆరేడేళ్ల కిందటి సంగతి. అప్పుడే కోయా సేఠ్ అల్ అజీజియాలో చిన్న షోరూం తెరుస్తానని ప్రకటించాడు. అక్కడ కౌంటర్ వెనక ఏసీలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వచ్చినవాళ్లతో మాట్లాడే మనిషి ఒకడు కావాలట. ఆ మాట వినగానే ఆ కుర్చీలో నన్ను నేను చూసుకున్నాను. చేతికి జిగురు అంటదు, నడుము నొప్పి ఉండదు, పని ఏమిటయ్యా అంటే మాట్లాడటం. దేవుడు నన్ను అందుకే పుట్టించి, పొరపాటున కుట్టుమిషను ముందు వదిలేశాడని నా గట్టి నమ్మకం. అయితే ఆ సంగతి కోయా సేఠ్‌కు ఎలా తెలియజెయ్యాలి?

సరిగ్గా ఆ వారమే అబూ సాలిం వచ్చాడు.

ఆయన అల్ వక్రాలో ఉండే ఖతరీ పెద్దమనిషి, యాభై దాటినవాడు. బండి వెనక డోరు తీసి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఒక జీనును ఎత్తుకొచ్చి మా బల్ల మీద పెట్టాడు. ఇక్కడి గుర్రాల మీద కనిపించే తేలికపాటి జీను కాదది. సినిమాల్లో పశువుల కాపరులు వాడే రకం. ముందు పిడికిలంత కొమ్ము, రెండు పక్కలా కాళ్లకు రాసుకునేలా వేలాడే వెడల్పాటి తోలు రెక్కలు, వాటి కింద పాదాలు పెట్టుకోవడానికి పెద్ద పెద్ద రికాబులు. రెక్కలు తప్ప పై తోలంతా పువ్వులూ తీగలూ చెక్కి ఉన్నాయి. కింద అంటించిన గొర్రె ఉన్ని మాత్రం చీకిపోయి రాలుతోంది.

ఆయన మాట్లాడింది అరబీ, హిందీ కలగలిసిన దుకాణం భాష. మీకోసం తెలుగులో చెప్తున్నాను.

"ఇది మా నాన్నగారిది. పోయిన ఏడాది ఆయన కాలం చేశారు. కింద ఉన్ని మార్చాలి, అంతే. పైన చెయ్యి పెట్టొద్దు," అన్నాడు. జీను మీద చెయ్యి వేసి, "ఇంకొక పని. దీన్ని చేసింది ఎవరో కనుక్కోగలరా?" అన్నాడు.

కోయా సేఠ్ తల అడ్డంగా ఊపాడు. "మేం సీట్లు కుడతాం."

"తెలుసు. కానీ మా నాన్న చివరి రోజుల్లో ఒకటే మాట అనేవారు. 'ఈ జీను చేసినవాడికి నా సలాం అందించు' అని. ఎవరని అడిగితే పేరు గుర్తుకు రాలేదు. చమురు క్యాంపులో పనిచేసేటప్పుడు ఒక అమెరికా దొర దీన్ని ఆయనకిచ్చి వెళ్లాడు. అమెరికాలో చేసిన మనిషే అయ్యుంటాడు. బతికి లేకపోయినా పిల్లలుంటారు కదా. సలాం చేర్చాలి."

చూశారా ఎంత గంభీరమైన విషయమో! తండ్రి చివరి కోరిక. ఆ గంభీరమైన విషయం బల్ల మీద ఉండగా నా బుర్రలో తిరుగుతున్నది అల్ అజీజియా కుర్చీ.

"నేను కనుక్కుంటా సార్!" అన్నాను. "ఇలాంటి వాటి గురించి నాకు బాగా తెలుసు."

అంతకు ముందు నేను జీనును తాకింది మా ఊళ్లో పెళ్లి గుర్రం ఎక్కిన రోజు ఒక్కసారే. ఆ గుర్రం కూడా నన్ను నమ్మలేదు.

పక్కన పీట మీంచి చిచా గొంతు సవరించుకున్నాడు. "గంగాధర్, గీ జీను..."

"చిచా, నువ్వు జర ఆగు. సారుతోని మాట్లాడుతున్న గదా."

చిచా ఆగాడు. ఆగి, కళ్లద్దాలు పైకి తోసుకుని, జీనును కొసనుంచి కొసదాకా ఒకసారి చూసి, మళ్లీ తన సోఫా మెత్త మీదికి వంగాడు. ఆ రోజు నేను ఆయన్ని ఒక్క అర నిమిషం మాట్లాడనిచ్చి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. మీ సమయమూ నా పరువూ రెండూ మిగిలేవి.

డ్యూటీ అయ్యాక ఫోన్ పట్టుకున్నాను. పాత జీనుల తయారీదారులను గుర్తించడమెలా అని వెతికితే నాలాంటి వాళ్లకోసం లోకంలో బోలెడంత సమాచారం ఉంది. కూర్చునే చోటు ముందు భాగంలో, కొమ్ము దగ్గర, ముద్ర ఉంటుందట. లేకపోతే రెక్కల మీద, వెనక ఎత్తు అంచు మీద, రికాబుల దగ్గర చూడాలట. అరిగిపోతే టార్చిలైటును పక్కనుంచి ఏటవాలుగా వెయ్యాలట. తెల్లారి నుంచి రెండు రోజులు ఆ జీనును నేను పరీక్షించని చోటు లేదు. నా అవతారం చూసి ఒక కస్టమర్, "లోపల ఏమైనా పడిపోయిందా?" అని అడిగాడు.

కొమ్ము దగ్గర ఏదో ముద్ర ఉండేది గానీ, ఏళ్ల తరబడి చేతి రాపిడికి పూర్తిగా అరిగిపోయింది. చివరికి ఎడమ రెక్క ఎత్తి కింది వైపు టాల్కం పౌడరు చల్లి తుడిస్తే, అంచు కుట్టుకు ఆనుకుని అక్షరాలు తేలాయి. ఎల్. హెచ్. కాస్త ఎడంగా ఆర్. ఇ. ఏ.

"దొరికిండు చిచా!" అని అరిచాను. "ఎల్.హెచ్. రే! చేసినోని పేరు!"

చిచా లేచొచ్చి ఆ అక్షరాలు చూశాడు. ఆయన పెదవులు ఒక పక్కకి పోయాయి. దగ్గు ఆపుకుంటున్నాడనుకున్నాను.

"రే అంటవా?"

"రే గాక మరేంది? ఇంటిపేరు. దొరలకుంటది గట్ల."

"నేనొక మాట చెప్పాల్నా?"

"చిచా, ముందుగాల్ల గీ కుట్టు చూడు," అని ఆయన వేలు పట్టి అంచు మీద రాయించాను. "ఇంచుకు ఎన్మిది. ఒక్కటన్న వంకరున్నదా? దారం ఎక్కడన్న బయిటికి తేలిందా? గీసొంటి చెయ్యి మన దిక్కు పుట్టది చిచా. మనం ఏడు జన్మలు ఎత్తినా గీ కుట్టు రాదు మనకు."

చిచా చెప్పాలనుకున్నది చెప్పలేదు. కాసేపు ఆ కుట్టునే చూశాడు.

"అంత బాగున్నదా?"

"బాగుండుడా! కడుపు నిండినట్టున్నది చూస్తుంటే."

"గా మూల దగ్గర గూడ? గాడ తిప్పుడు కష్టం."

"మూల దగ్గరనే అసలు పనితనం! చూడు ఎట్ల తిప్పిండో. నెమలి మెడ తిప్పినట్టు లేదూ?"

"ఉన్నది," అన్నాడు చిచా ఎంతో తృప్తిగా. పోయి తన పీట మీద కూర్చున్నాడు. మళ్లీ సాయంత్రం, "గంగాధర్, గా వెనక అంచు కుట్టు గూడ చూసినవా?" అని తనే అడిగాడు. దాన్నీ పొగిడాను. ఆ వారమంతా నేను పొగుడుతూనే ఉన్నాను, ఆయన వింటూనే ఉన్నాడు. అమెరికా పనితనం అంటే ముసలాయనకు ఇంత గౌరవమని నాకప్పటిదాకా తెలియదు.

ఇక పేరు దొరికింది కాబట్టి మనిషిని వెతకాలి. రే అనే ఇంటిపేరుతో అమెరికాలో ఒక చిన్న ఊళ్లో గుర్రపు సామాన్ల దుకాణం కనిపించింది. తాతల కాలం నుంచీ ఉందట. ఎల్.హెచ్. అంటే ఏమిటో అక్కడ లేదు. లేకపోతేనేం, నేను లేనా? ఎల్ అంటే లూయిస్, హెచ్ అంటే హెన్రీ. రాసి చూసుకుంటే ఎంత అందంగా ఉందో! ఒక్కసారి పేరు పెట్టాక మనిషి తనంతట తానే పెరగడం మొదలుపెట్టాడు. మొదటి రోజు గడ్డం వచ్చింది. రెండో రోజు కొండ పక్కన చెక్క ఇల్లు వచ్చింది. మూడో రోజుకు పొద్దున్నే లేచి వరండాలో కూర్చుని తోలు మీద పువ్వులు చెక్కుతున్నాడు.

ఆ సంతోషం పట్టలేక ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడ లతతో చెప్పాను. అంతా ఓపిగ్గా విన్నది.

"పేరున్నంత మాత్రాన ఆయ్ననే చేసిండని ఎట్ల చెప్తవ్?"

"పేరే ఉన్నంక ఇంకేం గావాలె?"

"మనింట్ల స్టీలు బిందెల మీద నీ పేరు కొట్టిచ్చి ఉన్నది. నువ్వు చేసినవా బిందెలు?"

"నీకు తెల్వదులే. గిది వేరే."

"ఏమో. దుబాయ్ల ఎట్ల ఉంటదో నాకేం తెలుసు?" అని పెట్టేసింది. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఇది దుబాయే. కానీ బిందెల సంగతి మాత్రం ఆమెకే సరిగ్గా తెలుసునని నాకు అర్థం కావడానికి ఇంకా పది రోజులు పట్టింది.

అబూ సాలిం జీను తీసుకోవడానికి వచ్చినప్పుడు చెప్పాను. లూయిస్ హెన్రీ రే, గడ్డం, కొండ, వరండా, మొత్తం. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా చెయ్యి పట్టుకుని, "మా నాన్న ఆత్మకు శాంతి కలిగించావు," అన్నాడు. నాకెక్కడో చిన్నగా గుచ్చుకుంది. నిజం చెప్తున్నాను, గుచ్చుకుంది. వరండా వరకూ పోకుండా ఉండాల్సిందనిపించింది. అంతలో కోయా సేఠ్ నా భుజం తట్టి, "బాగా మాట్లాడావు," అన్నాడు. ఆ మూడు మాటల మనిషి రెండు మాటలు నామీద ఖర్చుపెట్టేసరికి ఆ గుచ్చుకున్నదేదో మాయమైపోయింది.

అబూ సాలిం కోరిక మీద అమెరికా దుకాణానికి ఉత్తరం కూడా నేనే రాశాను, ఈమెయిల్‌లో, జీను ఫోటోలు జతచేసి, గడ్డమూ వరండా కూడా వదలకుండా. 'మీ పూర్వీకులు లూయిస్ హెన్రీ రే గారి పనితనానికి ఖతర్ దేశం నుంచి ఒక పెద్దాయన పంపుతున్న చివరి సలాం' అని. ఫోన్ చేత ఇంగ్లీషులోకి మార్పించి చదువుకుంటే నాకే ఏడుపొచ్చింది.

వారం తిరిగేసరికి అబూ సాలిం నుంచి పిలుపు. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత వాళ్ల మజ్లిస్‌లో జీనును గోడకు పెడుతున్నారు, బంధువులంతా వస్తున్నారు, చేసినవాడి గురించి నేను నాలుగు మాటలు చెప్పాలి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. కోయా సేఠ్ వ్యాను తీశాడు. "చిచా, నువ్వు గూడ రా. జర తెలుసుకుంటవ్," అన్నాను. తెలుసుకుంటావ్ అన్నాను! ఆయన ఏమీ అనకుండా ఉతికిన లాల్చీ వేసుకుని వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు.

అల్ వక్రాలో ఆ మజ్లిస్ నిండా పెద్దవాళ్లు. గహ్వా, అంటే అరబ్బు కాఫీ, చిన్న కప్పుల్లో తిరుగుతోంది, పళ్లేల్లో ఖర్జూరాలు. గోడకు చెక్క స్టాండు, దానిమీద జీను, పక్కన ఇత్తడి పలక. దానిమీద అరబీలోనూ ఇంగ్లీషులోనూ చెక్కించాడు: 'చేసినవారు: లూయిస్ హెన్రీ రే, అమెరికా.' నేను ఊహించిన మనిషి ఇత్తడిలో మెరుస్తున్నాడు.

అబూ సాలిం మొదలుపెట్టాడు. తండ్రికి క్యాంపులో ప్రమాదం జరిగి ఎడమ కాలు విరిగిందనీ, అతికాక ఆ కాలు రెండు వేళ్ల మేర పొట్టి అయిందనీ, ఏ జీను మీద కూర్చున్నా ఒరిగిపోయేవాడనీ, దీని మీద మాత్రం నిటారుగా కూర్చునేవాడనీ చెప్పాడు. "'దీన్ని చేసినవాడికి నా కాలు అర్థమైంది' అనేవారు," అని నావైపు చెయ్యి చూపించాడు. నేను లేచి నిలబడి లూయిస్ హెన్రీ జీవితచరిత్ర అందుకున్నాను. గడ్డం దగ్గర బాగానే ఉంది. కొండ దగ్గర కూడా బాగానే ఉంది. వరండా ఎక్కుతుండగా, గోడవారన కూర్చున్న ఒక ముసలాయన చెయ్యెత్తాడు. అబూ సాలింకు చిన్నాన్న, పోయిన పెద్దాయన తమ్ముడు.

"ఒక సందేహం," అన్నాడు. "ఆ అమెరికా దొర జీను ఇచ్చి వెళ్లిపోయిన రెండేళ్లకు కదా మా అన్న కాలు విరిగింది? ఆ కాలు సంగతి ఈ లూయిస్‌కు ఎలా తెలుసు?"

అందరూ నావైపు తిరిగారు. అక్కడ ఊరుకోవాలి. 'తెలియదండీ' అనాలి. కానీ నోరు ఒకసారి పరుగందుకున్నాక నా మాట వినదు.

"గొప్ప పనివాళ్లకు ముందే తెలుస్తుంది," అన్నాను.

చిన్నాన్న లేచి జీను దగ్గరికి వచ్చాడు. వచ్చి, "ఆ పేరు ఎక్కడుందో చూపించు," అన్నాడు.

ఎంతో ధీమాగా ఎడమ రెక్క ఎత్తాను. ఆయన వంగి, వేలితో తడిమి, "ఈ కుట్టు కింద ఇంకా ఏదో ఉన్నట్టుందే," అన్నాడు. ఉంటే ఊరి పేరు ఉంటుంది, నా పరిశోధనకు తిరుగుండదు అనుకున్నాను. వెంట తెచ్చిన చిన్న కత్తెరతో నేనే, నా చేత్తో నేనే, అంచు కుట్లు రెండు విప్పి తోలు వెనక్కి మడిచాను.

ఊరి పేరు లేదు. ఇంకొక ఆర్ ఉంది.

ఎల్.హెచ్. ఆర్, ఇ, ఏ, ఆర్.

నా పక్కన వంగి చూస్తున్న కోయా సేఠ్ ఊపిరి నా మెడకు తగిలింది. ఆయన చాలా మెల్లగా అన్నాడు: "గంగాధర్. ఇది లెఫ్ట్ హ్యాండ్ రియర్."

అయ్యా, నేను కార్ల సీట్లు కుట్టేవాణ్ణి. ఎడమ వైపు వెనక సీటు తోలు మీద ఆ ముద్ర ఉంటుంది. కుట్టేటప్పుడు కుడిదీ ఎడమదీ కలిసిపోకుండా. రోజుకు పదిసార్లు చూస్తాను. నేనే సుద్దముక్కతో రాస్తాను. నా కళ్లు మూసి చేతికిచ్చినా గుర్తుపట్టాల్సిన ముద్ర అది. దానికి నేను గడ్డం పెట్టాను. కొండ పక్కన ఇల్లు కట్టించాను. చనిపోయిన ఒక మంచి మనిషి చివరి సలామును తీసుకెళ్లి కారు వెనక సీటుకు అప్పగించాను.

కోయా సేఠ్ మాట ఎవరో అరబీలో పైకి అన్నారు. అక్కడున్నవాళ్లంతా కార్లున్నవాళ్లే. చిన్నాన్న ముందు నవ్వాడు. తర్వాత ఎవరూ ఆగలేదు. ఒకాయన గహ్వా కప్పు ఒలికించుకున్నాడు. ఇంకొకాయన ఇత్తడి పలక వైపు వేలు చూపించి మాట రాక మోకాలి మీద కొట్టుకుంటున్నాడు. నేను జీను రెక్క పట్టుకుని అలాగే నిలబడ్డాను. వదిలేస్తే పడిపోతానేమోనని. జీను కాదు, నేను.

అందరూ నవ్వుతుంటే ఒక్కడే నవ్వలేదు, అబూ సాలిం. ఆ ముఖం చూశాకే నేను చేసింది ఏమిటో నాకు తెలిసింది. ఆయన చిన్నగా అడిగాడు: "మరి ఎవరు చేశారు?"

అప్పుడు జబ్బార్ చిచా గహ్వా కప్పు కింద పెట్టి, అరబీలో ఒక్క మాట అన్నాడు. "నేను."

నవ్వులు ఆగాయి.

"మొత్తం కాదు," అన్నాడు చిచా. తడుముకుంటూ, అరబీ చాలని చోట హిందీ కలుపుతూ చెప్పాడు. తను ఖతర్ వచ్చిన కొత్తలో, వేరే దుకాణంలో ఉన్నప్పుడు, కుంటుతూ ఒకాయన ఈ జీనును తెచ్చాడు. లోపలి చెక్క చట్రమూ, పై పువ్వుల తోలూ బాగున్నాయి. మిగతాదంతా చీలికలు పేలికలు. కూర్చుంటే ఒరిగిపోతున్నాను, ఏమైనా చెయ్యగలవా అని అడిగాడు. చిచా అంతకు ముందు జీను కుట్టింది లేదు. ఆయన్ని ఖాళీ డ్రమ్ము మీద కూర్చోబెట్టి, మూడు రోజులు వరసగా రప్పించి, ఎడమ కాలు కొలిచాడు. ఎడమ రికాబు రెండు వేళ్లు పైకి కట్టాడు. కూర్చునే చోట కింద ఎడమ వైపు మందం పెంచాడు. రెక్కలకు గట్టి తోలు దొరకలేదు. గుద్దుకుని మూలన పడి ఉన్న పెద్ద అమెరికా కారు ఒకటుంటే దాని వెనక సీటు కోశాడు.

"ఆ మనిషి ఎక్కి కూర్చుని, దిగి, నా భుజం మీద చెయ్యి పెట్టాడు. ఏమీ అనలేదు. వెళ్లిపోయాడు," అన్నాడు చిచా.

చిన్నాన్న మళ్లీ జీను దగ్గరికి వెళ్లి రెండు రికాబులను పక్కపక్కన పట్టి చూశాడు. ఎడమది పొట్టి. సరిగ్గా రెండు వేళ్లు. ఆయన చిచా దగ్గరికి వచ్చి, తమ వాళ్లను పలకరించుకున్నట్టే ముక్కుకు ముక్కు ఆనించాడు. అబూ సాలిం వంగి చిచా నుదుటి మీద ముద్దు పెట్టి, "మా నాన్న మీకు సలాం చెప్పమన్నారు," అన్నాడు. చిచా "వ అలైకుముస్సలాం" అన్నాడు, తలుపు దగ్గర ఎవరో ఎదురుగా నిలబడి పలకరిస్తే అన్నట్టు.

అప్పుడు కన్నీళ్లు దాచుకోవడానికి గోడవైపు తిరిగి నిలబడ్డ వాళ్లలో నేనొకణ్ణి.

తిరుగు ప్రయాణంలో వ్యాను వెనక సీట్లో ఆయన పక్కన కూర్చున్నాను.

"ఎందుకు చెప్పలే చిచా? ఇన్ని దినాలు నన్ను గట్ల వాగనిచ్చినవ్."

"చెప్దామనే నోరు తెర్సిన. ఆగుమన్నవ్."

"మల్ల చెప్పచ్చు గదా?"

చిచా కళ్లద్దాలు తీసి లాల్చీ కొసతో తుడుచుకున్నాడు. "మల్ల నువ్వు కుట్టును పొగుడుడు షురూ జేస్తివి బేటా. ముప్పై మూడేండ్లాయె నేనొచ్చి. 'అయిందా? యల్లా, జల్దీ' అనుడే విన్న. బాగున్నది అని ఒక్కడు అనలే. నువ్వు గా మూల దగ్గర కుట్టు నెమలి మెడ అంటివి. నా పేరు చెప్తే బంద్ చేస్తవనుకున్న. ఇంకో రెండు దినాలు ఇందాం, గప్పుడు చెప్దాం అనుకున్న. గింతల నువ్వు అమెరికాకు ఉత్తరం రాస్తివి."

ఏడేళ్లు ఆ మనిషి పక్కన కూర్చుని కుట్టాను. రోజూ ఆయన కుట్టును చూశాను. ఆ కుట్టు గొప్పదని నాకు తెలియడానికి అది అమెరికా వాడిది అనుకోవాల్సి వచ్చింది.

"చిచా, మనం ఏడు జన్మలెత్తినా రాదన్న గదా..."

"నాకు ఒక్క జన్మలనే వచ్చింది. నీ సంగతే చూసుకో," అన్నాడు. ముందు సీట్లో కోయా సేఠ్ భుజాలు కదిలాయి.

ఆ భుజాల యజమానే మర్నాడు అల్ అజీజియా సంగతి తేల్చాడు. "షోరూంకు మాట్లాడేవాడు కావాలి. ఇంత బాగా మాట్లాడేవాడు వద్దు." లెక్కకు మించి ఇన్ని మాటలు ఆయన నామీద వాడటం అదే మొదలు. కుర్చీ వేరేవాళ్లకు పోయింది.

అబూ సాలిం కొత్త పలక చేయిస్తానని చిచా పూర్తి పేరు అడగడానికి వచ్చాడు. చిచా ఒప్పుకోలేదు. "లోపలి చట్రం నాది కాదు. పువ్వులు చెక్కింది నేను కాదు. వాడెవడో నాకు తెల్వదు, ముద్ర అరిగిపోయింది. వాణ్ణి తీసేస్తే ఎట్ల?" అన్నాడు. ఆ చివరి మాట నావైపు చూసి తెలుగులో అన్నాడు. నేనే అబూ సాలింకు విడమర్చి చెప్పాను, ఒక్క మాట కూడా కలపకుండా. ఇప్పుడు ఆ మజ్లిస్‌లో ఉన్న పలక మీద ఇలా ఉంది: 'పేరు తెలియని ఒక అమెరికా పనివాడు, కోరుట్ల అబ్దుల్ జబ్బార్.'

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. నెల తర్వాత అమెరికా నుంచి జవాబు వచ్చింది.

రే కుటుంబం నుంచి ఒక పెద్దావిడ రాసింది. ఉత్తరం చదివి ఇంటిల్లిపాదీ కదిలిపోయారట. లూయిస్ హెన్రీ అనే పేరు ఇంతవరకూ వాళ్లెవరూ వినలేదట గానీ, వాళ్ల ముత్తాతకు ఇల్లు వదిలి వెళ్లిపోయిన తమ్ముడు ఒకడుండేవాడట, అతనే అయ్యుంటాడట. గడ్డం సంగతి కూడా సరిపోతోందట. ఆయన ఫోటో ఏదైనా ఉంటే దయచేసి పంపమంది.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు జరిగింది జరిగినట్టు రాశాను: అక్షరాలు, వెనక సీటు, జబ్బార్ చిచా, నా కుర్చీ ఆశ, అన్నీ. క్షమించమన్నాను. ఈసారి జవాబు త్వరగానే వచ్చింది. జబ్బార్ గారికి తమ సలాం కూడా చెప్పమంది ఆవిడ. అంత చక్కటి మూలకుట్టు తమ దుకాణంలో ఎవరికీ రాదట. చిచాకు ఆ వాక్యం నాలుగుసార్లు చదివి వినిపించాల్సి వచ్చింది. ఇక లూయిస్ హెన్రీ విషయమంటారా, అప్పటికే ఆయన పేరు వంశవృక్షంలో రాసేశారట. తొంభై ఏళ్ల అత్తగారు, తప్పిపోయిన మనిషి దొరికాడని రోజూ తలచుకుని సంతోషిస్తోందట. తీసెయ్యడానికి మనసొప్పడం లేదు, ఉండనిమ్మని రాసింది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సమక్షంలో, నిండు మనసుతో ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వస్తువునైనా ఎవరు చేశారని నన్నడిగితే, ముందు నా పక్కన కూర్చున్న మనిషిని అడుగుతాను. ఆయన గొంతు సవరించుకుంటే నోరు మూసుకుంటాను. టీ పూర్తిగా తాగి, కప్పు కింద పెట్టి, చెప్పాల్సిందంతా చెప్పేదాకా తెరవను. కుట్టు బాగుంటే, కుట్టింది కోరుట్ల వాడైనా సరే, బతికుండగానే బాగుందని చెప్తాను. తెలియనిదాన్ని తెలియదంటాను. ఎవరికీ గడ్డాలు మొలిపించను. లూయిస్ హెన్రీ మీద ఒట్టు వేద్దామనుకున్నాను గానీ, ఆయనకిప్పుడు అమెరికాలో ఇంటెడు బలగముంది. వాళ్లకు తెలిస్తే బాగుండదు.